పాత కారుకు కొత్త బెల్టు

పిల్లలూ! ఇంట్లో ఫ్యూజు పోతే మనం ఏం చేస్తాం? కాలిపోయిన తీగ తీసేసి, తగిన కొత్త తీగ కడతాం. "ఇది మా తాతగారి నాటి తీగ, జ్ఞాపకంగా దీన్నే ఉంచుదాం" అని ఎవరూ అనరు. కాని కారు సీటు బెల్టు దగ్గరికి వచ్చేసరికి, చదువుకున్న పెద్దలు కూడా సరిగ్గా ఆ మాటే అంటున్నారు. అది ఎందుకు తప్పో ఈ నెల మీతో చెప్పాలనుకుంటున్నాను.

మా వాడపల్లి కృష్ణా, మూసీ నదులు కలిసే చోటు. నార్కట్‌పల్లి – అద్దంకి రహదారి మా మీదుగానే పోతుంది. సిమెంటు లారీలు, ధాన్యం లారీలు రాత్రీ పగలూ తిరిగే దారి అది. ఈ మధ్య పని ఉండి మిర్యాలగూడ వెళ్లినప్పుడు, కార్ల సీట్లు కుట్టే ఒక షెడ్డులో ఆగాను. ఆ షెడ్డు నడిపే కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అక్కడ ఒక తెల్లని అంబాసిడర్ కారు ఉంది. 1980లో కొన్నదట.

అంబాసిడర్‌ను మీలో చాలామంది చూసి ఉండరు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన కారు అది. ఒకప్పుడు కలెక్టరు గారు వచ్చినా, పెళ్లికొడుకు వచ్చినా అందులోనే రావాలి. అందుకే దాన్ని అపురూపంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ కారు యజమాని పెద్దమనిషి. సీట్లకు కొత్త రెగ్జిన్, తలుపులకు కొత్త రబ్బరు, లోపలి కప్పుకు కొత్త గుడ్డ, అన్నీ వేయిస్తున్నాడు. కారు కొన్నప్పుడు దానికి బెల్టులు లేవు. తర్వాతెప్పుడో పెట్టించిన బెల్టులు మాత్రం అలాగే వేలాడుతున్నాయి. కుర్రవాడు వాటిని చూపించి, "మార్చాలంటే ఒప్పుకోవడం లేదు, మీరైనా చెప్పండి సార్" అన్నాడు.

"ఏమైంది సారూ, మంచిగనే ఉన్నయి గదా! నల్లరంగు ఎక్కిస్తే కొత్తగైతయి. కొంచెం చినిగిన కాడ దర్జీతోని కుట్టిస్త. మా నాయన కూసున్న కారు, ఉన్నది ఉన్నట్టే ఉండాలె" అన్నాడు పెద్దమనిషి.

నేను బెల్టును చివరిదాకా బయటికి లాగాను. చుట్టలో దాగి ఉన్న భాగం ముదురు రంగులో ఉంది. బయట వేలాడే భాగం వెలిసి, అంచులు పీచు లేచి ఉన్నాయి. రెండూ ఒకే రోజున నేసిన పట్టీ. మరి తేడా ఎందుకొచ్చింది? బయటి భాగం మీద ఏళ్ల తరబడి ఎండ పడింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దారంలోని పొడవైన అణువుల గొలుసులను కొద్దికొద్దిగా తెంపుతూ ఉంటాయి. రంగు వెలిసిపోవడం మనకు కనిపిస్తుంది. బలం తగ్గడం కనిపించదు. పైన నల్లరంగు వేస్తే కనిపించే ఆ ఒక్క హెచ్చరికను కూడా మనమే చెరిపేసినట్లు. పైగా రంగు అద్దే రసాయనాలు, వేడి దారాన్ని ఇంకా బలహీనం చేయవచ్చు.

ఆ దారం మీద ఎంత భారం పడుతుందో లెక్క వేద్దామా? మీ పాఠంలోని సూత్రమే చాలు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోయినా, జడత్వం వల్ల అందులోని మనిషి అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. 60 కిలోల మనిషి గతిజశక్తి 5,880 జౌళ్లు. అది 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడినదానితో సమానం! కారు ముందుభాగం నలగడం, బెల్టు కొంచెం సాగడం కలిసి ఆ మనిషిని అర మీటరు దూరంలో ఆపాయనుకుందాం. 5,880ని 0.5తో భాగిస్తే సగటున 11,760 న్యూటన్ల బలం వస్తుంది. 75 కిలోల ధాన్యపు బస్తాలు 16 ఒక్కసారిగా బెల్టుకు వేలాడినట్లన్నమాట. దర్జీ వేసిన కుట్టు ఈ భారాన్ని ఆపగలదా? బెల్టు భారమంతా మోసేవి పొడవునా పోయే పడుగు దారాలు. సూది వాటినే పొడిచి తెంపుతుంది.

బెల్టు సాగడం కూడా దాని పనే. సాగితేనే దెబ్బ తగ్గుతుంది. కాని స్థితిస్థాపక అవధి దాటి సాగిన స్ప్రింగు మళ్లీ మొదటి పొడవుకు రాదని మీరు చదివారు. ఒక పెద్ద ప్రమాదాన్ని ఆపిన బెల్టు అలాంటిదే. చూడడానికి బాగానే ఉంటుంది, రెండోసారి పనికిరాదు. అందుకే పాత సామాను కొట్టులో, ముక్కలు చేసిన కారు నుంచి తీసిన బెల్టు కొనవద్దంటాను. అది ఏ ప్రమాదం చూసి వచ్చిందో అమ్మేవాడికి కూడా తెలియదు.

ఇక బెల్టును చుట్టుకునే పెట్టె సంగతి. అందులో చిన్న లోలకమో గుండో ఉంటుంది. కారు వేగం హఠాత్తుగా తగ్గితే అది ముందుకు ఒరిగి, ఒక మీటను పళ్లచక్రంలోకి నెడుతుంది. వెంటనే బెల్టు బిగుసుకుంటుంది. మా ప్రాంతపు సిమెంటు దుమ్ము, మిల్లుల ఊక దుమ్ము ఏళ్ల తరబడి అందులో చేరితే అది కదలకపోవచ్చు. దాన్ని ఏ కోణంలో బిగించడానికి తయారుచేశారో ఆ కోణంలోనే బిగించాలి. వంకరగా పెడితే లోలకం లెక్క తప్పుతుంది.

బోల్టు కూడా మామూలు బోల్టు కాదు, గట్టిపరచిన ఉక్కుతో చేసినది. పైగా బెల్టులు లేని కాలపు కారులో, వాటిని బిగించేందుకు బలపరచిన చోట్లు ఉండవు. పలుచని రేకుకు రంధ్రం చేసి బిగిస్తే, ప్రమాదంలో బోల్టు రేకును చీల్చుకుని ఊడి వస్తుంది. రేకు వెనక మందమైన ఉక్కు పలక పెడితే అదే బలం ఎక్కువ వైశాల్యం మీద పంచుకుంటుంది, పీడనం తగ్గుతుంది. కాబట్టి పట్టీ, చుట్టే పెట్టె, కొక్కెం, బోల్టులు అన్నీ ఒకే జతగా, ప్రమాణాల ముద్ర ఉన్నవి కొత్తగా వేయాలి. ఆ పని తెలిసినవాళ్ల చేతనే చేయించాలి.

"అలా అయితే కారు అసలు రూపం పోదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ఉంది. దాన్ని ఉన్నది ఉన్నట్లే ఉంచాలి, ఎందుకంటే అది ప్రదర్శన వస్తువు. లారీల మధ్య మనుషులను ఎక్కించుకుని తిరిగే కారు సంగతి వేరు. స్టీరింగు, గడియారం, సీట్ల ఆకారం పాతవే ఉండనివ్వండి. టైర్లు, బ్రేకు రబ్బర్లు పాతవే ఉండాలని ఎవరూ పట్టుబట్టరు కదా! బెల్టు ఆ కోవకు చెందినది.

"మా కాలంలో బెల్టులే లేవు, మేం బతకలేదా?" అన్నాడు ఆ పెద్దమనిషి కూడా. నేను నా ముందు పన్ను చూపించాను. అది సగమే ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఒక అద్దె అంబాసిడర్‌లో పదిమందిమి కూర్చుని పోతుంటే, డ్రైవరు గేదె అడ్డం వచ్చి బ్రేకు వేశాడు. నాకు పన్నుతో పోయింది. అయినా ఆలోచించండి, "మేం బతకలేదా" అని అడగగలిగేది బతికినవాళ్లే. పోయినవాళ్లు వచ్చి చెప్పరు. కొందరిని మాత్రమే అడిగి అందరి గురించి తీర్మానం చేయడం సైన్సు పద్ధతి కాదు.

ఇప్పుడు మనం పెట్టుకునే మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అంతకు ముందు ఆయన విమాన చోదకులు ప్రమాదంలో బయటపడే సీట్ల మీద పనిచేసినవాడు. వోల్వో ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకునేందుకు వదిలిపెట్టింది. మన దేశంలో 2019 చట్ట సవరణ ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చివికిన బెల్టు పెట్టుకున్నా పోలీసు పంపించేస్తాడు. జడత్వ నియమం అలా వదిలిపెట్టదు.

ఆ పెద్దమనిషి చివరికి, "సరే, ముందు రెండు సీట్లకు కొత్తవి వేయిస్త" అన్నాడు. "మీ మనవరాలు ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగాను. ఏడో తరగతి చదివే ఆ పిల్ల అప్పటికే వెనక సీట్లో కూర్చుని కిటికీ అద్దం పైకీ కిందికీ తిప్పుతోంది. ఆయన కాసేపు అటే చూసి, కుర్రవాడిని పిలిచి వెనక సీటుకు కూడా ధర అడిగాడు.

మీరూ ఒక పని చేయండి. మీ ఇంటి కారులోగాని, తెలిసినవాళ్ల కారులోగాని, అది ఆగి ఉన్నప్పుడు పెద్దల అనుమతితో బెల్టును చివరిదాకా మెల్లగా లాగి చూడండి. లోపలి రంగు, బయటి రంగు ఒకటేనా? అంచులు పీచు లేచాయా? కొక్కెం టక్కున పడుతోందా? వదిలితే బెల్టు తనంతట తాను వెనక్కి పోతోందా? చూసింది చూసినట్లు కాగితం మీద రాసి, బండి నడిపేవారి చేతికి ఇవ్వండి.