శాలువా ఎవరికి కప్పాలి?

విద్యార్థి సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చి, "మాస్టారూ, సావనీరుకి ఏదైనా వ్రాసివ్వండి, విషయం మీ ఇష్టం" అన్నప్పుడు, రిటైరైనవాడిని, నాకెందుకులే అనకుండా వెంటనే ఒప్పుకున్నాను. ఈ కాలేజీకి నేను పడ్డ బాకీ ఒకటి నలభై యేళ్ళుగా అలాగే వుండిపోయింది. ఆ సంగతి చివర్లో మనవి చేస్తాను. ముందు పరాయి వూరి కబురొకటి.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో వార్నర్ రాబిన్స్ అనే వూరుంది. అక్కడి విమానాల మ్యూజియంలో ఆ రాష్ట్రపు వైమానికుల కోసం ఒక 'హాల్ ఆఫ్ ఫేమ్' పెట్టుకున్నారు. కీర్తి మందిరం అనుకోండి. తమ ప్రాంతంలో పుట్టినవాళ్ళనో, ఆ ప్రాంతంతో గట్టి సంబంధం వున్నవాళ్ళనో ఎంపిక చేసి, సభ జరిపి, వాళ్ళ పేర్లు అందులో చేరుస్తారు. విస్కాన్సిన్‌కు, మిన్నెసోటాకు, టెక్సస్‌కు కూడా ఇలాంటివి వున్నాయి. దేశం మొత్తానికి ఒకటి డేటన్ నగరంలో 1962లో మొదలయింది. అది రైట్ సోదరుల సొంతవూరు గదా.

దేశానికంతటికీ ఒకటుండగా రాష్ట్రానికొకటి దేనికి, విందుభోజనాలకా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. యూజీన్ బుల్లార్డ్ కథ చదివాక అభిప్రాయం మార్చుకున్నాను.

ఈయన 1895లో జార్జియాలోని కొలంబస్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. అక్కడి జాతిద్వేషం భరించలేక చిన్నతనంలోనే ఇల్లు వదిలి, ఓడలో దొంగతనంగా ఎక్కి యూరప్ చేరాడు. బాక్సింగ్ చేసి పొట్ట పోసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడి వెర్డన్ దగ్గర గాయపడ్డాడు. అంతటితో ఆగక 1917లో పైలట్ అయ్యాడు. అదే యేడు అమెరికా యుద్ధంలోకి దిగింది. ఫ్రెంచి దళంలో పనిచేస్తున్న అమెరికన్ పైలట్లను తన సైన్యంలోకి తీసుకుంది, ఒక్క బుల్లార్డ్‌ను తప్ప. కారణం ఒంటి రంగు. ముసలితనంలో ఆయన న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో లిఫ్టు నడుపుతూ బ్రతికాడు. 1959లో ఫ్రాన్సు తన అత్యున్నత గౌరవం ఇచ్చింది. లిఫ్టు ఎక్కేవాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసునో! 1961లో పోయాడు.

ఆయన పేరును జార్జియా తన కీర్తి మందిరంలో 1989లో చేర్చింది. అమెరికా వాయుసేన మేలుకుని, చనిపోయిన మనిషికి సెకండ్ లెఫ్టినెంట్ హోదా ఇచ్చింది 1994లో. అంటే రాజధానికన్నా అయిదేళ్ళు ముందు సొంత రాష్ట్రం మేలుకున్నదన్నమాట. ఏ నేల ఆయన్ను తరిమిందో ఆ నేలే ముందు పిలిచింది. ఆలస్యం మాట నిజమే. నన్నడిగితే ప్రాంతీయ సన్మానాలకు వున్న ప్రయోజనం యిదే. పెద్ద కొలువుకు ఆనని మనిషి, పక్కింటివాడికి ఆనుతాడు.

ఇంకో పేరు చార్లీ టేలర్. రైట్ సోదరుల సైకిల్ షాపులో మెకానిక్. 1903లో వారి విమానానికి ఇంజను కావలసి వస్తే, ఈయన లేతు, డ్రిల్లు, చేతి పనిముట్లు పెట్టుకుని ఆరువారాల్లో పన్నెండు హార్స్‌పవర్ ఇంజను తయారుచేశాడు. సరైన డ్రాయింగులు కూడా లేవు, కాగితం ముక్కల మీద గీసుకున్న గీతలే. డిసెంబరు 17న విమానం లేచిననాడు ఆయన అక్కడ లేడు, డేటన్‌లో షాపు చూసుకుంటున్నాడు. 1956లో దాదాపు అనామకంగా పోయాడు. డేటన్ వాళ్ళు 1965లో ఆయన పేరును కీర్తి మందిరంలో చేర్చారు. ఎగిరినవాణ్ణి గుర్తుంచుకోవడం సులభం. ఎగిరించినవాణ్ణి వెతికి పట్టుకోవాలి.

"అదంతా సరేనండీ, మన దగ్గర అంతటివాళ్ళు యెవరున్నారు గనుక?" అన్నారు ఒక మిత్రులు, లెక్చరర్ గారే. ఆ మాటకే నాకు కోపం వచ్చింది.

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచే డకోటాలు నడిపింది. అలహాబాదులో విమానం నేర్చిన ప్రేమ్ మాథుర్ గారు 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్నారు, మన దేశంలో ఆ పని చేసిన తొలి మహిళ. ఆడపిల్లంటే ప్రయాణీకులు భయపడతారని కంపెనీ తరువాత కంపెనీ కాదన్నదట. వుద్యోగం ఇచ్చింది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. ఇచ్చింది గాని, కో-పైలట్ సీటు దాటనివ్వలేదు. ఆ రెండూ మన చరిత్రే, మొదటిది మాత్రమే చెప్పుకుంటే కుదరదు. 1949లో ఆవిడ జాతీయ విమాన పందెం గెలిచారు. 1953లో జాతీయకరణ వచ్చి దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది, దాంతోపాటే ఆ పేరూ జనం నోటినుంచి పోయింది.

ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1978 నుంచి 1981 దాకా భారత వాయుసేనకు అధిపతిగా పనిచేశారు. దేశ విభజననాడు సహచరులు పాకిస్తాన్ రమ్మని పిలిచినా వెళ్ళలేదు. రాకేశ్ శర్మ గారి చదువు కూడా హైదరాబాదులోనే, అదే నిజాం కాలేజీలో. దుండిగల్ అకాడమీలో 2016 జూన్ 18న మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు భుజాన పట్టీలు కట్టించుకున్నారు.

వీళ్ళలో తెలుగువాళ్ళు ఎందరని లెక్కపెట్టకండి. ప్రాంతమంటే పుట్టుక మాత్రమే కాదు. ఏ రన్‌వే మీద చక్రం ఆనిందో ఆ వూరికీ హక్కుంది. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021లో అంతరిక్షపు అంచుకు వెళ్ళివస్తే మనవాళ్ళంతా మా అమ్మాయి అన్నారు కదా, ఆమె ఎగిరింది న్యూమెక్సికోలో అయినా!

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేటకు మామూలు ప్రయాణీకుల విమానాలు ఆగిపోయాయి. ఆ పాత టెర్మినల్‌లో ఒక గది చాలు. యేటా ఒక సభ. నేను పెట్టే షరతులు కొంచెం మొండివి. పదవిలో వున్నవాళ్ళ పేర్లు చేర్చరాదు. పైలట్ పేరు చేర్చిన ప్రతిసారీ నేలమీద పనిచేసిన ఒకరి పేరు, ఫిట్టరో, రేడియో ఆపరేటరో, పక్కన చేర్చాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే సభ ఆగరాదు. ఈ చివరిదానికి కారణం వుంది.

రాకేశ్ శర్మ గారు 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్ళివచ్చారు. ఆ మరుసటి ఫిబ్రవరిలో మన కాలేజీ వార్షికోత్సవానికి విమానాల ఫొటో ప్రదర్శన పెట్టాం. నేనప్పుడు సంఘం సంయుక్త కార్యదర్శిని. ఒక క్లాసుమేటు వాళ్ళ తాతగారు దక్కన్ ఎయిర్‌వేస్‌లో మెకానిక్‌గా చేశారని తెలిసి, సన్మానం చేస్తామని పిలిచాం. రెండు శాలువాలు కొన్నాం, ఒకటి ముఖ్య అతిథికి, ఒకటి ఆయనకు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు బస్సులు మారి, చెప్పిన టైముకన్నా ముందే వచ్చారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా, వెంట ఇంకో పెద్దమనిషితో వచ్చాడు. వేదిక మీద కుర్చీ చాలలేదు. "తాతగారూ, కాస్త కింద కూర్చుంటారా?" అన్నది నేనే. రెండో శాలువా ఆ వెంట వచ్చినాయనకు పోయింది. అందించింది కూడా నేనే.

ఆయన ఒక్కమాట అనలేదు. వెళ్ళేముందు ప్రదర్శనలో డకోటా ఫొటో ముందు నిలబడ్డారు. "రాత్రంతా నిలబడితే కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది బాబూ. చేత్తో ప్రొపెల్లరు తిప్పకుండా స్టార్టు చేస్తివా, ఇంజను పోయిందే. చలిలో తెల్లవారుజామున తిప్పేవాళ్ళం" అని అరచేతులు చూపించారు. బస్సు టైమైందని వెళ్ళిపోయారు.

ఆ యేటి నివేదిక వ్రాసింది నేను. ముఖ్య అతిథి పేరు, ఆయన వెంట వచ్చినాయన పేరు బిరుదులతో సహా వ్రాశాను. పెద్దాయన పేరు వ్రాయలేదు. తాతగారు, తాతగారు అనడమే గాని పేరు అడగనే లేదు. ఆనాటి నా క్లాసుమేటు ఈ సంచిక చదివితే, తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, సంఘం ఆఫీసుకి ఒక ఉత్తరం వ్రాయవలసిందిగా కోరుతున్నాను.