సన్నాయి వినుట మరచితిమా?

మన చంద్రపూర్ తెలుగువారి పెండ్లిండ్లలో బ్యాండు మేళమునకు వేలు పోయుదుము. తాళి కట్టువేళ మాత్రము నాదస్వరపు రికార్డు నొకటి మ్రోగింతుము. వాయించిన వాని పేరెవ్వరు నడుగరు. మా యింటను ఇట్లే జరిగినది. ఆ సిగ్గుతోనే వ్రాయుచున్నాము.

‘మంగళధ్వని యున్న చాలదా?’ యందురు. చాలదు. ఆ వాద్యమునకు వ్రేళ్లుంచు రంధ్రము లేడే. నడిమి స్వరములను, గమకములను ఊపిరి బిగువుతో, పెదవుల యొత్తిడితో పలికింపవలెను. అంతటి సాధనను విందు సందడిలో ముంచుట మంగళమా?

షేక్ చినమౌలానా 1924లో, నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో జన్మించెను. శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదము లందెను. పొరుగునాట విద్యచేతనే మన్నన గాంచెను. మనమును పొరుగునాట నున్నవారమే కదా! బిస్మిల్లా ఖాన్ షెహనాయి మన పిల్లలెరుగుదురు, సంతోషమే. చినమౌలానా నెరుగకుండుట వారి దోషము కాదు, మనది.

షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఆ విద్య నేటికిని సజీవమే, వినువారే కరవు.

రాబోవు ఉగాది సభలో ఒక్క అరగంట ఉపన్యాసములు మాని, చినమౌలానా రాగాలాపన రికార్డును, ముందుగా పేరు చెప్పి, అందరము కూర్చుండి విందము. అంతమాత్రము చేయలేని సంఘమునకు సంస్కృతి యను మాట యేల?