అగస్త్యుడు నేల కింద ఉన్నాడా?

ఫిబ్రవరి రెండవ వారంలో, రాత్రి తొమ్మిది దాటాక, కొండగట్టు దగ్గర చెట్లూ గుట్టలూ అడ్డులేని చోట నిలబడి ఉత్తరానికి చూడండి. ధ్రువ నక్షత్రం కనిపిస్తుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ధ్రువుడు దిగంతానికి రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటాడు. ఇప్పుడు వెనక్కు తిరిగి దక్షిణం చూడండి. తళతళ మెరిసే అగస్త్య నక్షత్రం అక్కడ ఉంటుంది. దాని ఎత్తూ కొలవండి. అదీ అంతే!

ఎందుకో తెలుసా? ధ్రువుని ఎత్తు ఇంచుమించు మీరున్న ఊరి అక్షాంశమంత ఉంటుంది. కొండగట్టుకు అది సుమారు 18.7 డిగ్రీలు. అగస్త్యుడేమో ఖగోళ మధ్యరేఖకు 52.7 డిగ్రీలు దక్షిణాన ఉన్నాడు. 90 నుండి ఈ రెండూ తీసివేస్తే 18.6 వస్తుంది. ఢిల్లీ వారికి ఈ వేడుక లేదు. అక్కడ ధ్రువుడు 28 డిగ్రీలు దాటి నిలబడితే, అగస్త్యుడు తొమ్మిది డిగ్రీలైనా లేవడు.

నాకు మూడు పిచ్చులు: ఆకాశం, కంప్యూటరు, కంప్యూటరు ఆటలు. మొదటిది మంచిది, రెండవది పనికివచ్చేది, మూడవది చెడ్డది అని పెద్దలు విడదీస్తారు. నేను ఒప్పుకోను. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1962లో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు కలిసి 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. సూర్యుని ఆకర్షణకు లోబడి తిరుగుతూ రెండు నౌకలు పోరాడే ఆట అది. మొదట వెనుక తెరమీద నక్షత్రాలంటే ఇష్టం వచ్చినట్లు చల్లిన చుక్కలే. పీటర్ శాంసన్ అనే మిత్రునికి అది నచ్చలేదు. పట్టికలు ముందు పెట్టుకుని నిజమైన నక్షత్రాలను, వాటి కాంతి భేదాలతో సహా, తెరమీదికి ఎక్కించాడు. (మన అగస్త్యుడు మాత్రం అందులో లేడు. ఆ పటం మధ్యరేఖకు ఇరువైపులా ఇరవై రెండున్నర డిగ్రీల మేరకే!) కాల్చుకునే ఆటలో చుక్కలు సరిగా లేకపోతే ఏం నష్టం? శాంసన్ అలా అనుకోలేదు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

అగస్త్యుని ఎత్తు లెక్కకట్టడానికి నేను రాసిన మొదటి ప్రోగ్రాము సంగతి చెబుతాను. నడిదక్షిణాన ఉండవలసిన వేళ అతడు దిగంతానికి సుమారు 41 డిగ్రీలు కింద ఉన్నాడని జవాబు వచ్చింది. సూత్రం సరైనదే, అంకెలూ సరైనవే. యంత్రం చెబితే నిజమే కాబోలు అని నమ్మేవాణ్ణే. కాని ముందు రాత్రి ఆ నక్షత్రాన్ని నా కళ్ళతో చూశాను గదా! వారం రోజులు వెతికితే తప్పు దొరికింది. సైను, కొసైనులకు యంత్రం రేడియన్లు అడుగుతుంది, నేను డిగ్రీలు ఇచ్చాను. ఆకాశం చూడని వాడైతే ఆ 41నే నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

ఇదంతా కాలక్షేపం అనేవారికి ఒక మాట. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో ఇంటి దగ్గర వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించారు. వారిది జీతానికి చేసిన పని కాదు.

అయితే పెద్దల కోపంలో సగం న్యాయం ఉంది. ఇతరులు చేసిన ఆటను గంటల తరబడి ఆడి లేస్తే బొటనవేలు నొప్పి తప్ప ఏమీ మిగలదు. కనుక మీరే ఒకటి తయారుచేయండి. టెలిస్కోపు కొనిపెట్టమని ఇంట్లో మారాం చేయవద్దు, పిడికిలి చాలు. రాత్రిపూట ఒక బస్సు కొండగట్టు నుండి కన్యాకుమారికి పోతున్నట్లు ఆట అల్లండి. దారి పొడుగునా ధ్రువుడు కుంగి 8 డిగ్రీలకు దిగాలి. నడిదక్షిణాన అగస్త్యుని ఎత్తు 29కి పెరగాలి. అలా జరగకపోతే డిగ్రీలూ రేడియన్లూ మరొకసారి చూసుకోండి.