‘ట్యాంకు’ శబ్దము – తటాకము – చెఱువు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పునకు పాఱి కృష్ణను చేరుచున్నది. తాండూరు చెంత పాఱు కాగ్నా భీమానదిలో కలియుచున్నది. వాన వెలిసిన కొలఁది దినములకే సన్నగిల్లు వాగులను నమ్మలేక, వికారాబాదు, తాండూరు ప్రాంతముల పల్లెలు కట్టలు వేసి నీటిని నిలుపుకొన్నవి. ఆ నిలుకడ నీటికి ప్రజలు పెట్టిన పేళ్లు చెఱువు, కుంట. నీటిపారుదల శాఖవారి ఆంగ్లమున ఇవన్నియు ‘ట్యాంకు’లే. మిద్దెమీఁది నీళ్లతొట్టియు ట్యాంకే. 1916లో యూరోపు రణరంగమున తొలిసారి దిగిన ఉక్కు శకటమును ట్యాంకే. నిర్మాణరహస్యము పొక్కకుండుటకై దానికి నీళ్లతొట్టి పేరు పెట్టిరి.

ఈ పదము మన తటాకశబ్దభవమే యని సంస్కృతాభిమానులు పలువురు చెప్పుచుందురు. వినుటకు ఇంపైన మాటయే కాని అది పరీక్షకు నిలువదు. తటాక, తడాగ శబ్దములు ప్రాకృతమార్గమున హిందీ, మరాఠీలలో ‘తలావ్’ అయినవి. ఆదివర్ణము దంత్యముగనే నిలిచినది; నడిమి మూర్ధన్యము లకారమైనది; అనునాసికము రానేలేదు. అదే మరాఠీలో నీటితొట్టి యను నర్థమున ‘టాంకే’ అను వేఱొక పదమున్నది. ఒకే శబ్దము ఒకే భాషలో ఇట్లు రెండు దారులు పట్టెననువారు అందుకు హేతువు చూపవలెను. ధ్వనిసామ్యము హేతువు కాదు.

మఱి ఆంగ్లపదమునకు మూలమేది? గుజరాతీ, మరాఠీలలోని పదమొకటి, పోర్చుగీసువారి ‘తాంకె’ మఱియొకటి. ఈ రెండింటిని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున యూల్, బర్నెల్ పండితులు చర్చించిరి. పడమటి తీరమున ఆ రెండు శబ్దములు ఎదురుపడి ఒకదానికొకటి బలము కూర్చెననుట యుక్తము. పోర్చుగీసు పదము ‘ఎస్తాంకార్’ అను క్రియతో సంబంధించినది. ప్రవాహమును ఆపుట దాని యర్థము.

ఇచటనే తెలుఁగువారు గమనింపవలసిన విశేషమున్నది. చెఱ, చెఱువు – రెండింటను ఱకారమే. తమిళమున ‘చిఱై’ శబ్దము బంధనమును, నీటికి వేసిన కట్టను కూడ చెప్పును. చెఱపట్టఁబడిన నీరే చెఱువు అనుట ఈ సాక్ష్యములకు అనుగుణముగ నున్నది. చుట్టఱికము లేని రెండు భాషలు ఒకే భావనతో నీటికి పేరు పెట్టినవి. ధ్వనిసామ్యముకంటె ఈ భావసామ్యమే విలువగలది. తటాకమునుండి ట్యాంకును బలవంతముగ పుట్టించుటవలన సంస్కృతమునకు కీర్తి పెరుగదు. పండితుల మాటపై లోకమునకుఁ గల విశ్వాసము తఱుగును.

అమరసింహుఁడు వారివర్గమున హ్రదమును, తడాగమును, పల్వలమును, వాపిని వేఱువేఱుగ చెప్పెను. లోతును, పరిమాణమును, నిర్మాణమును బట్టి నీటికి పేరు మాఱునని ఆయన యెఱుఁగును. పల్లెరైతును ఎఱుఁగును. కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు, శిఖము – ఇవి యుండినఁగాని చెఱువు చెఱువు కాదు. తాండూరు చెంత నాపరాతి గనుల గుంతలలో వాననీరు నిలిచినను దానిని ఎవరును చెఱువనరు. ట్యాంకను పదము ఈ భేదములను చెఱిపివేయును. శిఖమను మాట మఱుగుపడిననాఁడు, నీరు ఎంతవఱకు నిలుచునో చెప్పు హద్దును మఱుగుపడును; ఆ హద్దు మఱచినచోట ఇండ్లు లేచును, చెఱువు పోవును.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడిక తీయుటను తలపెట్టినది. పదములలోని పూడిక తీయుట ప్రాచ్యకళాశాలల పని. వికారాబాదు, తాండూరు పల్లెలలో నీటికి సంబంధించిన ప్రతి పదమును, దానిని పలుకు వృద్ధులు ఉండఁగనే, అర్థభేదములతో సేకరింపవలెను. ఒక్క ఆంగ్లపదమునకు సంస్కృతమూలము వెదకుటకు వెచ్చించు శ్రమలో సగము చాలును.