రంగు పూస్తే చెమ్మ ఆగదు
కరీంనగర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గోడ చెమ్మగిల్లగానే వాటర్‌ప్రూఫ్ రంగు పూసి చేతులు దులుపుకోవడం తప్పు. రంగు మరకను దాస్తుందే తప్ప నీటిని ఆపదు. ముందు ఆ నీరెక్కడిదో తేల్చాలి. ఎర్రటి ఎండాకాలంలోనూ తడి ఆరకపోతే సంపునో, నల్లా పైపునో అనుమానించాలి. రాత్రి సంపు నింపి, నల్లా వాల్వు కట్టేసి, మోటార్ ఆపి, నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టండి. తెల్లారేసరికి నీరు గీత దిగిందంటే పగులు సంపులోనే ఉంది. వానల్లో మాత్రమే తడి కనిపిస్తే వాన గొట్టం ఎక్కడ పోస్తోందో, నేల వాలు ఎటుందో చూడాలి. ఆదిలాబాద్ నల్లరేగడిలో ఇళ్లు కట్టుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పునాదినీ కదిలిస్తుంది. నీరు పునాది కింది నేలనూ తోడేయగలదు: 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు పియర్లు కుంగడానికి పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోవడం ఒక కారణమని జాతీయ డ్యాం భద్రతా సంస్థ కమిటీ చెప్పింది. ఇల్లు బ్యారేజీ కాదు, నిజమే. కానీ నేల లోపల పారే నీరు మట్టిని తోడుకెళ్లే తీరు ఒక్కటే. సంపు పగిలితే ఖాళీ చేసి, పగులును లోతుగా చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్ నింపి, లోపలినుంచే పూత వేయించాలి. నీరు నెట్టేది అటునుంచే. కొత్త ఫ్లాటైతే సొంత ఖర్చు పెట్టకముందే బిల్డర్‌కు రాతపూర్వకంగా చెప్పండి: అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది.