ఎరువు కారు మీద బంక మరక

గత షవ్వాల్ మాసంలో మా ఇంట నికాహ్ జరిగింది. వరుని వారిది రాజోలు. అమలాపురానికి నేటికీ రైలు లేదన్న సంగతి కోనసీమ వాసులకు వేరుగా చెప్పనక్కర లేదు. పెండ్లికైనా, పరామర్శకైనా, కువైట్ నుంచి వచ్చేవారిని ఎదుర్కొని తీసుకురావడానికైనా మనకు కారే దిక్కు. మాకు సొంత కారు లేదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా పొరుగింటి పెద్దాయన, మేము అడగకముందే తాళం చెవి తెచ్చి మా చేతిలో పెట్టారు. కొని ఆరు నెలలైనా నిండని బండి అది.

పిల్లలు వేడుక కొద్దీ డ్యాష్‌బోర్డు పొడవునా మల్లెదండలు కట్టారు. అవి జారకుండా రెండు వైపులా బంక ఉండే టేపు అంటించారు. ఎడమ పక్కన ప్రయాణ దుఆ ముద్రించిన స్టిక్కరు ఒకటి అతికించారు. రెండు రోజుల ఎండకు ఆ బంక మెత్తబడింది. టేపు లాగితే పైపొర మాత్రమే ఊడివచ్చి, బంకంతా ప్లాస్టిక్ మీదే నిలిచిపోయింది. మరునాడు ఉదయం బండి తిరిగి అప్పగించాలి. బంధువు ఒకరు సాయం చేయబోయి, రంగులలో కలిపే థిన్నరును గుడ్డకు అద్ది గట్టిగా రుద్దారు. బంక పోయింది. దానితోపాటు ప్లాస్టిక్ మీది సన్నని గరుకుదనమూ, నల్లని రంగూ పోయి అరచేయంత మేర తెల్లగా పాలిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో రెండు అభిప్రాయాలు వెలువడ్డాయి. పాలిష్ పూసి ఇచ్చేద్దాము, వారి కంటబడేసరికి నెల గడుస్తుందని కొందరు అన్నారు. అప్పుడు మా అమ్మీజాన్ హునైన్ నాటి వృత్తాంతం గుర్తు చేశారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయానంతరం దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద యుద్ధ కవచాలు ఎరువు తీసుకున్నారు. సఫ్వాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా లాక్కుంటున్నారా అని ఆయన సందేహిస్తే, కాదు, తిరిగి ఇచ్చే పూచీతోనే తీసుకుంటున్నామని దైవప్రవక్త (స) హామీ ఇచ్చారు. యుద్ధానంతరం కొన్ని కవచాలు కనిపించకపోతే పరిహారం ఇవ్వజూపారు. ఆనాటి విజేత తన అధీనంలోని నగరవాసికి చూపిన నిజాయితీ అది. మేము మా పొరుగువారికి చూపవలసినది ఇంతకన్నా తక్కువ ఎలా అవుతుంది?

తెల్లవారి బండిని వారి వాకిట నిలిపి, ముందుగా ఆ మచ్చనే చూపించాము. “పోనీయండి భాయ్, పెండ్లి బండికి ఆ మాత్రం గుర్తు ఉండాలి” అన్నారు పెద్దాయన. మేము ఒప్పుకోలేదు. ఆ పలకను మార్పించే ఖర్చు భరిస్తామంటే ఎట్టకేలకు అంగీకరించారు. అయితే ఒక్క మాట అన్నారు: “కొబ్బరినూనె పుట్టిన గడ్డ మీద ఉండి థిన్నరు వెతుక్కున్నారే!”

ఆయన మాటలో శాస్త్రమూ ఉంది. టేపుల బంక సాధారణంగా రబ్బరు జాతిదో, అక్రిలిక్ జాతిదో అయి ఉంటుంది. నూనె దానిలోకి మెల్లగా ఇంకి, పట్టు సడలేలా చేస్తుంది. థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ద్రవంలోని అసిటోన్ అలా కాదు. కారు లోపల విరివిగా వాడే ఏబీఎస్, పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కులను కూడా అవి కరిగిస్తాయి. పెట్రోలు, కిరోసిన్ల జోలికీ పోరాదు. మూసిన బండిలో వాటి ఆవిరి అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది.

చేయవలసినదల్లా ఓపికతో కూడిన పని. ముందుగా వేడినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను బంక మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. మెత్తబడిన బంకను వేలి కొసతో ఉండలుగా దొర్లించి తీయాలి. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచు కూడా ఇందుకు పనికివస్తుంది. బ్లేడు, గిన్నెలు తోమే పీచు మాత్రం వద్దు. అవి చేసిన గీతలు ఇక పోవు. మిగిలిన పొరకు దూదితో కొబ్బరినూనె అద్ది పది నిమిషాలు ఆగి తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. ఒకసారికి రాకపోతే మరొకసారి అద్దాలి, బలం పెంచకూడదు. చివరకు సబ్బునీటి గుడ్డతోనూ, పిదప మంచినీటి గుడ్డతోనూ తుడిచి ఆరబెట్టాలి. నూనె జిడ్డు మిగిలితే దాని మీద దుమ్ము చేరి, మన కోనసీమ ఉక్కలో మళ్ళీ జిగటగా మారుతుంది. గుడ్డ సీట్ల మీద, తలుపుల రబ్బరు మీద నూనె పడనీయరాదు. ఏది వాడినా ముందు కంటికి కనబడని మూల చిన్న చోట పరీక్షించి చూడాలి.

నూనెకు లొంగని బంకకు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలును కొద్దిగా గుడ్డకు అద్ది తుడవవచ్చు. పేరు విని కొందరు సంకోచిస్తారు. ఇది మద్యంలో ఉండే ఇథైల్ ఆల్కహాలు కాదు, తాగితే విషం. పిల్లలకు అందకుండా ఉంచాలి. మీటర్ల మీది పారదర్శకపు పలకకూ, టచ్ స్క్రీనుకూ దీనిని తాకించరాదు. చేతులకు రాసుకునే శానిటైజరు డ్యాష్‌బోర్డు మీద పడినా మరకలు కట్టవచ్చు.

మరొక రకం జిగట ఉంది. ఏ టేపూ అంటించకుండానే తలుపు పిడులు, మీటలు అంటుకుంటూ ఉంటాయి. అది బయటి బంక కాదు. స్పర్శకు మెత్తగా ఉండేందుకు వేసిన పైపూత తేమకూ వేడికీ శిథిలమవుతున్నదన్న మాట. ఎంత తుడిచినా అది తగ్గదు, రుద్దితే పూతే లేచిపోతుంది. పని తెలిసినవారికి అప్పగించి పూత తీయించడమో, ఆ భాగాన్ని మార్పించడమో చేయాలి.

ఇక మా పిల్లలు స్టిక్కరు అంటించిన చోటు గురించి. ముందు సీటు ఎదుట “ఎయిర్‌బ్యాగ్” అని ముద్రించి ఉన్న మూత మీద ఏదీ అతికించరాదు. ప్రమాద సమయాన ఆ మూత చీల్చుకొని సంచి క్షణంలో వెయ్యో వంతులలో విచ్చుకుంటుంది. దాని మీద ఉన్నది స్టిక్కరైనా, అలంకార వస్తువైనా ముఖం మీదికి ఎగిరివచ్చే అవకాశం ఉంది. అటువంటి చోట దుఆను అతికించడం భక్తే కావచ్చు గాని జాగ్రత్త కాదు.

తీసిన స్టిక్కరు మీద సూరె జుఖ్రుఫ్ ఆయతులు ఉన్నాయి గనుక దానిని చెత్తలో వేయలేదు. అక్షరాలు లోపలికి వచ్చేలా మడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, తొక్కిడి లేని చోట పాతిపెట్టాము. కాలువలో వదలమన్నవారు ఉన్నారు. అది కాగితం కాదు, ప్లాస్టిక్. కరగక ఏ తూము దగ్గరో చెత్తతో కలిసి తేలుతూ ఉంటుందని వారించాము.

ఇప్పుడు ఆ దుఆను అట్ట మీద రాసి చేతిసంచిలో ఉంచుకుంటున్నాము, ఏ బండి ఎక్కినా తీసి చదువుకోవచ్చునని. ఈ లోగా పిల్లలు దానిని కంఠస్థం చేసేశారు. అట్ట బయటికి తీసే అవసరమే రావడం లేదు.