ముందు గది, పిదప మైకు

గత వేసవిలో, రోహిణీకార్తె యెండలు బెజవాడను పెనముమీద వేసి వేయించుచున్న దినములలో, మా అక్కగారి అమ్మాయి తొమ్మిదివేల రూపాయలు పోసి ఒక కండెన్సర్ మైకును కొని తెచ్చుకొన్నది. పది సంవత్సరములుగా వీణ నేర్చుకొనుచు, గాత్రమును కూడ ఒకింత సాధించిన పిల్ల. అన్నమాచార్య కీర్తన నొకదానిని తానే పాడి, తానే వీణ వాయించి, ఇంటిలోనే రికార్డు చేసి, అమెరికాలోనున్న స్నేహితురాండ్రకు పంపవలెనని ఆమె ముచ్చట. సత్యనారాయణపురములోని తమ మేడమీది గదిలో ఆ మైకును స్టాండునకు తగిలించి, మూడు గంటలు ప్రయాసపడిన పిమ్మట నాకు ఫోను చేసి, "మామయ్యా, డబ్బులు దండగైపోయాయి. ఇందులో నా పాట తప్ప అన్నీ వినపడుతున్నాయి" అని వాపోయినది. పోయి వింటిని. పంఖా హోరు, క్రింది వాటాలో కుక్కరు వేసిన మూడు కూతలు, వీధిలో పాత ఇనుము కొనువాని కేక, ఇవన్నియు స్పష్టాతిస్పష్టముగా నున్నవి. కీర్తన మాత్రము నూతిలోనుండి పలికినట్లున్నది.

ఆ పరికరమందు దోషమేమియు లేదు. గదిలోని సమస్తమును వినుటకై నిర్మింపబడిన చెవి అది. విన్నది విన్నట్లు అప్పగించినది. మైకు కొనదలచిన వారికి సలహా చెప్పు పెద్దలందరును ధరలతో ఆరంభింతురు. నా మట్టుకు నేను గోడలతో ఆరంభింపవలెనందును. నేటి మన మధ్యతరగతి యిండ్లకు పైన స్లాబు, క్రింద నున్నని టైల్సు, నాలుగు వైపుల సిమెంటు గోడలు, ఒక గాజు కిటికీ. వీనిలో ఒక్కటియు నాదమును పీల్చుకొనునది కాదు. కంఠమునుండి వెలువడిన స్వరము నేరుగా మైకును చేరుటయే గాక, గోడనుండి గోడకు కొట్టుకొని, లిప్తపాటు ఆలస్యముగా మరల మరల వచ్చి దానిమీదనే పడుచుండును; మనకు చెవులు రెండై, వాని వెనుక మనసొకటి యుండుటచేత ఆ కలగాపులగమును మనము గమనింపము గాని, ఒంటిచెవి మైకునకు అట్టి వివేకము లేదు. మా తాతగారి పెంకుటింటి మండువాలో, పైన వాసములు, నడుమ ఆకాశము, వసారాలో ధాన్యపు బస్తాలు ఉన్న కాలమున ఈ బాధ యింతగా నుండెడిది కాదు. కాని అప్పుడు మైకు లేదు, ఇప్పుడు మండువా లేదు.

కావున మొట్టమొదట మా అక్కగారి పెట్టెలోని మూడు పాత బొంతలను వెలికి తీయించితిని. రెండింటిని అమ్మాయి వెనుకను ప్రక్కను త్రాళ్లు కట్టి, మూడవదానిని బీరువా తలుపునకు వ్రేలాడదీసితిమి. వెనుకనే యెందుకనగా, మైకు ముఖము పాడువారి వైపునకు తిరిగియుండును గనుక, వారి వీపు వెనుకనున్న గోడ తిప్పికొట్టు ధ్వనియే దానికి సూటిగా తగులును. కోడిగ్రుడ్ల అట్టలను గోడలనిండ అంటించుకొను ఆచారమొకటి కలదు. అవి వీధి చప్పుడును ఆపవు, గది మ్రోతలో పైపై జిలుగును తప్ప మరేమియు తగ్గింపవు, బొద్దింకలకు మాత్రము నివాసయోగ్యములు. పంఖా ఆర్పక తప్పదు. ఆ యెండలలో పంఖా ఆర్పి పాడుట తపస్సే గనుక, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాడుమంటిని. లేచినది, సరిగా పల్లవి ఎత్తుకొనునప్పటికి వీధి చివరి గుడిమీది మైకు సుప్రభాతము నందుకొన్నది. తుదకు మధ్యాహ్న భోజనానంతరము వీధివీధియంతయు కునుకు తీయు గంటన్నర కాలము దొరికినది.

మైకులలో ఇండ్లకు పనికివచ్చునవి ముఖ్యముగా రెండు జాతులు. డైనమిక్ మైకులో పలుచని పొరకు ఒక తీగచుట్ట అంటియుండును. ధ్వనికి పొర కదలగా, చుట్ట అయస్కాంతము నడుమ కదలి విద్యుత్తును పుట్టించును. కండెన్సర్ మైకులో లోహపుపూత గల అతి సూక్ష్మమైన పొర ఒక ఫలకమునకు ఎదురుగా నిలిచి, ఆ రెంటి నడుమ నున్న యెడము మారుటనే సంకేతముగా మార్చును. దీనికి సాధారణముగా 48 వోల్టుల విద్యుత్తు బయటినుండి అందవలెను. తీగచుట్ట బరువు లేదు గనుక రెండవది తీగ మీటులోని తళుకును, ఊపిరిలోని జీరను కూడ పట్టగలదు. అమెరికాలో ఇ. సి. వెంటె 1916లో దీనిని నిర్మించెను. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అను నిరువురు విద్యుదావేశమును శాశ్వతముగా నిలుపుకొను పొరను వాడి ఎలక్ట్రెట్ మైకును కనిపెట్టుటతో, ఒకప్పుడు రేడియో కేంద్రములకే పరిమితమైన ఈ సూక్ష్మశ్రవణము చవుకబారి సామాన్యుల చేతికి వచ్చినది.

ఆ చవుకదనము విలువ తెలియవలెనన్న వెనుకకు చూడవలెను. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ తన పాటలను రికార్డుల కిచ్చిననాడు మైకన్నది లేదు. పెద్ద బూరలోనికి ముఖము పెట్టి, సూదిని కదలించునంత బిగ్గరగా పాడవలసి యుండెను. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చిన తరువాతనే మెల్లగా పాడువాని గొంతు కూడ లక్షల యిండ్లకు చేరుటకు దారి యేర్పడినది. మన లలిత సంగీతము మైకునకు పుట్టిన బిడ్డ యని నేనన్నచో విద్వాంసులు కోపగింపరాదు. గుసగుసను పాటగా మలచుట బూరల కాలములో సాధ్యమయ్యెడిది కాదు.

ఈ సూక్ష్మశ్రవణము మీది మోజు వలననే కాబోలు, ఇంట పాడుకొనువారు కూడ కండెన్సరే కొనవలెనను నమ్మకము బలపడినది. నా యభిప్రాయము వేరు. చప్పుడు గల యింటిలో గాత్రమునకు ముందుగా డైనమిక్ మైకును కొనుడు. 1966 నుండి లోకములోని వేదికలన్నిటిని ఏలుచున్న షూర్ ఎస్‌ఎం58 పదివేల రూపాయల చుట్టుప్రక్కల దొరకును. దానికి నకళ్లు విస్తారముగా నున్నవి గావున, సగము ధరకు వచ్చినచో సంతోషింపక సందేహింపుడు. అంత శక్తి లేనివారికి బేరింజర్ ఎక్స్‌ఎం8500 వంటివి అందులో మూడవ నాలుగవ వంతు ధరకే లభించును. మైకును కంప్యూటరునకు కలుపు ఇంటర్‌ఫేస్ పెట్టె కొననక్కరలేకుండ కంప్యూటరునకు నేరుగా తగిలించుకొనుటకును, ముందుముందు పెట్టె కొన్ననాడు దానికి తగిలించుటకును వీలైన శామ్సన్ క్యూ2యు వంటివి కలవు. క్రొత్తగా దిగువారికి నేను ముందు చూపునది వానినే. డైనమిక్ మైకు తక్కువజాతిదను అపోహ గలవారు ఒక్క సంగతి గుర్తుంచుకొందురు గాక: 1982 నాటి థ్రిల్లర్ ఆల్బములో మైకేల్ జాక్సన్ గొంతును ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ పట్టినది షూర్ ఎస్‌ఎం7 అను డైనమిక్ మైకుతోనే.

అంగడివారు కండెన్సర్ల సొంత రొదను, అనగా మైకు తనంతట తాను పుట్టించు చప్పుడును గూర్చి పెద్దగా చెప్పుదురు. ఆడియో టెక్నికా ఏటీ2020 లో అది 20 డెసిబెల్లు. రోడ్ ఎన్‌టీ1ఏ లో 5 మాత్రమే. నిజమే, కాగితముపై అది గొప్ప భేదమే. కాని రాత్రి నిశ్శబ్దముగా నున్న పడకగదిలోనే సుమారు 30 డెసిబెల్ల చప్పుడుండగా, పంఖా తిరుగుచున్న గదిలో అది మరింత పెరుగుచుండగా, ఆ పదునైదు డెసిబెల్ల కొరకు వేలు ధారపోయుట, వాననీరు నిలిచిన వీధిలో నడుచుటకు తెల్లని చెప్పులు కొనుట వంటిది.

నోటికిని మైకునకును నడుమనుండు దూరమును గూర్చి మాత్రము కొంచెము నిలిచి చెప్పవలెను. దూరము రెట్టింపైన నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. గది మ్రోత మాత్రము తగ్గక అట్లే యుండును. డైనమిక్ మైకు ఇంటి చప్పుళ్లను కప్పునని లోకులు చెప్పుకొను మహిమలో సగము, దానిని నోటికి దగ్గరగా పెట్టుకొని పాడుటలోనే యున్నది. మిక్కిలి దగ్గరైన మంద్రస్థాయి ఉబ్బి గొంతు బొంగురువోవును. జానెడు దూరము మధ్యమమార్గము. ఇందులో తెలుగు పాడువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అరచేతిని నోటి ముందుంచుకొని "బలము" అని, వెంటనే "భజన", "ఫలము" అని పలికి చూడుడు; ఒత్తక్షరములకు ఊపిరి చేతిని తట్టును. మైకు పొరకు ఆ తట్టు ఉరుము. కీర్తనలలో భక్తి, భవము, భాగ్యము అడుగడుగునకు తగులుచుండును గదా! మైకును నోటికి ఎదురుగా గాక కొంచెము ఓరగా నిలిపి, నడుమ ఒక అడ్డుతెర పెట్టవలెను. మా అమ్మాయి కుట్టుపని రింగునకు పలుచని నైలాన్ మేజోడు బిగించి పెట్టినది. అంగట దొరకు పాప్ ఫిల్టరు చేయుపని అది చక్కగా చేయుచున్నది.

మరి ఆ తొమ్మిదివేల కండెన్సరు వృథా పోయెనా? లేదు, వీణకు పనికివచ్చినది. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి కుండయు దండియు ఏకాండిగా చెక్కిన వీణలో, తీగ పలుకు ఒక వంతైన, కొయ్య పలుకు మూడు వంతులు. తీగలను మోయు గుఱ్ఱము దగ్గర అంటించు చవుకరకపు కాంటాక్టు మైకు తీగను పట్టి కొయ్యను వదలివేయును. వీణను చెక్కిన పనివాని చేతికి అది అపచారమని నాకు తోచును. మైకును కుండకు అతి చేరువగా నుంచిన గోటి మీటు టకటక కొట్టును. మెట్లవైపు త్రిప్పిన గమకము లాగునప్పుడు తీగ రాపిడి వినవచ్చును. నాలుగైదు పర్యాయములు జరిపి చూడగా, నేలనుండి మూరెడు ఎత్తున, వీణకు మూరన్నర దూరమున, గుఱ్ఱమునకును కడపటి మెట్టునకును నడిమి తావును చూచుచు నిలిపినప్పుడు నాదము నిండుగా వచ్చినది. ఆ మైకు వినికిడి హృదయాకారముగా నుండి, వెనుకవైపు చెవుడు. ఆ చెవిటివైపును కిటికీకి త్రిప్పితిమి. పాటయు వీణయు ఒకేసారి పట్టు పట్టుదల మానిపించి, ముందు వీణను, పిమ్మట చెవికి హెడ్‌ఫోను పెట్టుకొని గాత్రమును వేరువేరుగా పట్టించితిని. రికార్డు మట్టమును అంచుదాక పోనీయక, 12 డెసిబెల్లు క్రిందనే నిలిపితిమి. తారస్థాయిలో గొంతు చిట్లినచో పిదప బాగుచేయు మంత్రమేదియు లేదు.

డల్లసు, న్యూజెర్సీలలోని తెలుగు పిల్లలకు ఇక్కడి గురువులు నేడు జూముమీద సంగీతము చెప్పుచున్నారు. అందు మైకు మంచిదైనను తంబురా మాయమగుచుండును. ఏలయనగా, ఆగక మ్రోగు శ్రుతిని జూము పంఖా రొదయని భ్రమించి తుడిచివేయును. సంగీతమునకై ఒరిజినల్ సౌండ్ అను ఏర్పాటొకటి అందులోనే కలదు. దానిని నొక్కుటకు రూపాయి ఖర్చు లేదు.

మార్గశిరము వచ్చినది. తెల్లవారుజామున చలి మొదలైనదని మా అక్కగారు బొంతలు తిరిగి యిమ్మని అడుగుచున్నారు. అమ్మాయి రెండు ఇచ్చినది; మూడవది ఇప్పటికిని బీరువా తలుపునకే వ్రేలాడుచున్నది.